మీ ప్రయాణం – మా జవాబు: అన్నీ ముందే రాసుకోవాలా, అప్పటికప్పుడు బయల్దేరాలా?

ఈసారి వచ్చిన ఉత్తరాలు చాలావరకు ఒకే తగువు చుట్టూ తిరిగాయి. ఇంట్లో ఒకరు గంట గంటకీ కాగితం మీద రాసుకుని గానీ గడప దాటరు. ఇంకొకరు బస్సెక్కాక చూసుకుందాం అంటారు. ఎవరి పద్ధతి సరైనదో తేల్చమని అడిగారు.

మనుషుల్ని ఇలా రెండు జట్లుగా విడగొట్టడం వల్లే గొడవ వస్తుందని మా అభిప్రాయం. విడగొట్టాల్సింది ప్రయాణంలోని పనుల్ని. కొన్నే ఉండి అందరూ అడిగేవి, తప్పిపోతే మళ్లీ దొరకనివి, ఒక వేళకి తలుపు మూసేసేవి ముందే గట్టి చేసుకోవాలి. వాతావరణాన్ని బట్టి, ఒంట్లో ఓపికను బట్టి, ఆకలిని బట్టి మారేవి ఆ పూటకి వదిలేయాలి. కింది జవాబులన్నీ ఈ లెక్క మీదే నడుస్తాయి.

ప్రశ్న: డిసెంబరులో పిల్లలతో మూడు రోజులు అరకు వెళ్దామనుకుంటున్నాం. మావారు ఎన్నింటికి లేవాలి, ఎక్కడ ఎన్ని నిమిషాలు ఉండాలి అన్నీ రాసేస్తారు. నాకేమో బాగున్నచోట కాసేపు కూర్చోవాలని ఉంటుంది. పోయినసారి ఇద్దరం ముఖాలు ముడుచుకునే తిరిగాం. ఇద్దరికీ కుదిరే దారి చెప్పండి. – ఒక గృహిణి, రాజమహేంద్రవరం

మీవారు గట్టిగా పట్టుకోవాల్సినవి మూడే ఉన్నాయమ్మా. రైలు, గది, తిరుగు ప్రయాణానికి కారు. ఆ మూడూ ఆయనకి అప్పగించేయండి.

రైలంటే విశాఖపట్నం నుంచి కిరండూల్ వెళ్లే పాసింజరు. పొద్దున ఏడు లోపే బయల్దేరుతుంది, అరకు చేరడానికి నాలుగు గంటలు పడుతుంది. రాజమండ్రి నుంచి అదే తెల్లవారుజామున బయల్దేరితే దాన్ని అందుకోలేరు కాబట్టి ముందు రోజు రాత్రి విశాఖలో ఉండక తప్పదు. చాలామంది కాగితం మీద ఈ రాత్రిని మర్చిపోతారు. ఆ రైలుకి ఉండే అద్దాల బోగీ (విస్టాడోమ్)లో సీట్లు తక్కువ, డిసెంబరు శని ఆదివారాలకైతే రిజర్వేషన్ తెరిచిన కాసేపట్లోనే అయిపోతుంటాయి. 2024 నవంబరు 1 నుంచి రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తున్నారు, వెనకటి 120 రోజుల లెక్కతో ఉండకండి. అద్దాల బోగీ దొరక్కపోతే ప్రయాణం మానుకోనక్కర్లేదు. అదే రైల్లో మామూలు బోగీ కిటికీ పక్కన కూర్చున్నా అవే లోయలు, అవే సొరంగాలు కనబడతాయి.

కారు మాట్లాడుకునేటప్పుడు ఫలానా ఫలానా చోట్లు అని లెక్క చెప్పకండి, రోజు లెక్కన మాట్లాడుకోండి. రోజుకి ఎన్ని కిలోమీటర్లు, అది దాటితే కిలోమీటరుకి ఎంత, డ్రైవరు బత్తా అందులో కలిసిందా లేదా అన్న మూడూ ముందే అడగండి. చోట్ల లెక్కన మాట్లాడితే మీరు కాఫీ తోట దగ్గర అదనంగా అరగంట కూర్చున్నా డ్రైవరు హారను కొడతాడు. రోజు లెక్కన మాట్లాడితే ఆ అరగంట మీది. మీ ఇద్దరి తగువు సగం ఇక్కడే తీరిపోతుంది.

ఇక కాగితం ఎందుకు తప్పుతుందో మీవారికి చూపించండి. ఫోనులో మ్యాపు చూపే సమయం ఘాట్ రోడ్డు మీద చెల్లదు. మలుపులు, లారీలు, పిల్లలకి వాంతులు అన్నీ కలిస్తే బండి గంటకి ముప్పై కిలోమీటర్లు పోవడం కూడా ఎక్కువే. మ్యాపు గంట అంటే గంటన్నర రాసుకోండి. బొర్రా గుహల్లో మెట్లు దిగి, చూసి, మళ్లీ ఎక్కి, బండి దగ్గరికి వచ్చేసరికి పిల్లలతో రెండు గంటలు. కాబట్టి రోజుకి ఎనిమిది చోట్లు రాస్తే నాలుగే అవుతాయి. పొద్దున ఒకటి, మధ్యాహ్నం మీద ఒకటి రాసి మిగతావి దారిలో కుదిరితే చూద్దాం అనుకోవడం నయం.

రైల్లో వెళ్లేటప్పుడు బొర్రా గుహల స్టేషను అరకు కంటే ముందే వస్తుంది. సామానుతో అక్కడ దిగిపోతే ముందుకి బండి దొరకడం కష్టం. నేరుగా అరకు వెళ్లి, తిరుగు దారిలో కారు మీద అనంతగిరి వైపు దిగుతూ బొర్రా చూసుకోండి. సాయంత్రం అయిదుకి మూసేస్తారు, మూడు లోపు అక్కడ ఉండేలా బయల్దేరండి.

వంజంగి మేఘాలు కూడా చూడాలనుంటే ఒక రాత్రి బస పాడేరులో పెట్టుకోవాలి. అరకులో పడుకుని తెల్లవారేసరికి వంజంగి కొండ మీద ఉండాలంటే పిల్లల్ని అర్ధరాత్రి దాటగానే లేపాలి. పైగా మేఘం ఎవరి కాగితాన్నీ వినదు. కొన్ని ఉదయాలు కింద లోయంతా నిండిపోతుంది, కొన్ని ఉదయాలు ఏమీ ఉండదు. కుదిరితే రెండు ఉదయాలు చేతిలో ఉంచుకోండి. చివర నడక తప్పదు, మంచుకి దారి జారుతుంది. చెప్పులు కాకుండా బూట్లు, తలా ఒక టార్చి, చెవులు కప్పే టోపీ పెట్టుకోండి.

ఇంకొక పద్ధతి కూడా చాలా ఇళ్లలో పనిచేస్తుంది. మధ్యాహ్నం భోజనం దాకా మీవారి కాగితం, భోజనం తర్వాత మీ ఇష్టం. మీ పూటలో ఆయన గడియారం చూడకూడదు, ఆయన పూటలో మీరు ఆలస్యం చేయకూడదు. చీకటి పడకముందే ఘాట్ దిగిపోవాలన్నది మాత్రం రెండు పూటలకీ వర్తించాలి.

ప్రశ్న: మేం నలుగురు స్నేహితులం. శుక్రవారం సాయంత్రం ఆఫీసు అయ్యాక ఎటు తోస్తే అటు బయల్దేరతాం. ముందే అనుకుంటే ఎవరో ఒకరు మానేస్తారు. కానీ ఈ మధ్య రెండుసార్లు దారిలోనే ఇరుక్కుపోయాం. మా పద్ధతి మార్చుకోవాలా? – ఒక ఉద్యోగి, హైదరాబాద్

మార్చుకోనక్కర్లేదు. వారం ముందు పెట్టుకున్న ప్రయాణం ఉద్యోగాల మధ్య చెడిపోవడం నిజమే, మీ పద్ధతికి ఆ బలం ఉంది. అయితే ఎటు తోస్తే అటు వెళ్లేవాళ్లకి గేట్లు తెరిచి మూసే వేళలు బాగా తెలిసుండాలి, మీరు ఇరుక్కున్నదీ బహుశా అక్కడే.

మీలాంటివాళ్లకి ఎక్కువగా తగిలే గేటు శ్రీశైలం దారిలో ఉంది. మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా అడవి దారి మూసేస్తారు, అది పులుల అభయారణ్యం. ఆరున్నరకి ఆఫీసులో కార్డు తీసి బయటికొస్తే ఊరి ట్రాఫిక్ దాటేసరికే ఎనిమిది అవుతుంది, తొమ్మిది లోపు మన్ననూరు చేరడం జరిగే పని కాదు. ఎదురుచూస్తూ రాత్రంతా కారులో కూర్చునే బదులు ఇంట్లో పడుకుని తెల్లవారుజామున మూడున్నరకి బయల్దేరండి. గేటు తీసే వేళకి అక్కడుంటారు, అడవి దారిని వెలుతురులో చూస్తారు.

మైసూరు నుంచి ఊటీ వెళ్లే బండీపూర్ అడవిలోనూ అదే వేళ, రాత్రి తొమ్మిది నుంచి ఆరు దాకా మూత. ఊటీ, కొడైకెనాల్‌కి సొంత బండి మీద వెళ్లేవాళ్లకి 2024 మే 7 నుంచి ఈ–పాస్ కూడా కావాలి. ఆన్‌లైన్‌లో ఉచితంగానే ఇస్తారు. రద్దీ కాలంలో రోజుకి ఇన్ని బళ్లకే అని పరిమితి ఉంటుంది కాబట్టి కొండ కింద నిలబడి ఫోనులో తీసుకుందాం అనుకోకండి.

అప్పటికప్పుడు వెళ్లడానికి నిజంగా అనువైన చోట్లు హైదరాబాద్ చుట్టూ చాలానే ఉన్నాయి. వరంగల్ నూటయాభై కిలోమీటర్ల లోపే. అక్కడ రాత్రి పడుకుని పొద్దున్నే రామప్ప వెళ్తే బస్సులు రాకముందు గుడి ప్రశాంతంగా ఉంటుంది. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక ఆదివారం మధ్యాహ్నాలు బాగా జనం. అటునుంచి లక్నవరం చెరువు దగ్గరే. రెండో దిక్కున బీదర్ కోట, వెళ్లి అదే రోజు వచ్చేయొచ్చు. నాగార్జునసాగర్ కూడా మంచిదే గానీ నాగార్జునకొండకి పడవ ఆశతో వెళ్తే ముందు ఫోను చేయండి. నీటి మట్టాన్ని బట్టి, వచ్చిన జనాన్ని బట్టి పడవ కదులుతుంది. కొండ మీది మ్యూజియానికి శుక్రవారం సెలవు.

గది సంగతి. వారాంతంలో గది వెతుకులాట సాయంత్రం ఆరు లోపు ముగించండి. తొమ్మిది దాటాక మిగిలేవి ఎవరూ వద్దన్న గదులే. పుణ్యక్షేత్రాల్లో చాలా సత్రాలు పెళ్లికాని కుర్రాళ్ల గుంపుకి గది ఇవ్వవు, హోటలే చూసుకోవాలి. మహాశివరాత్రి రోజుల్లోనూ, కార్తీక సోమవారాల్లోనూ శ్రీశైలం వైపు అప్పటికప్పుడు వెళ్లడం మానేయండి.

ఇంట్లో ఒక సంచి ఎప్పుడూ సిద్ధంగా ఉంచుకోండి. ఒక జత బట్టలు, తువ్వాలు, వానకోటు, టార్చి, ఛార్జరు, పవర్ బ్యాంకు, ఓఆర్ఎస్ పొట్లాలు నాలుగు, జ్వరం మాత్రలు, రెండు వేల రూపాయల నగదు, ఆధార్. లైసెన్సు, ఆర్‌సీ, బీమా, పొల్యూషన్ కాగితాలు డిజీలాకర్‌లో పెట్టి, సిగ్నల్ లేనిచోట చూపడానికి ఫోనులో కూడా దించుకోండి. ప్రతి నెలా మొదటి శనివారం టైర్లలో గాలి, స్టెప్నీలో గాలి, హెడ్‌లైట్లు చూసుకోండి. దారిలో పంక్చరు పడ్డాక స్టెప్నీలోనూ గాలి లేదని తెలిస్తే ఆ వారాంతం అక్కడితో అయిపోయినట్టే. ఒకసారి కూర్చుని ఇవన్నీ సర్దితే ఏడాదంతా ఏ శుక్రవారమైనా పది నిమిషాల్లో కదలొచ్చు.

ప్రశ్న: ముందుగా రిజర్వేషన్ చేయించుకునే అలవాటు లేదు. ఎప్పుడూ తత్కాల్ మీదే ఆధారపడతాను. విజయవాడ నుంచి చెన్నై వెళ్లడానికి కోరమాండల్‌లో తత్కాల్ చేద్దామని ముందు రోజు పొద్దున కూర్చుంటే అప్పటికే అయిపోయింది. నెట్ స్లో వల్లేనా? – ఒక పాఠకుడు, విజయవాడ

నెట్‌ది తప్పు కాదండీ, మీరు లెక్కపెట్టిన తేదీ తప్పు. తత్కాల్ ఒక రోజు ముందు తెరుస్తారన్నది రైలు మొదట బయల్దేరే స్టేషను నుంచి లెక్క. మీరు ఎక్కే స్టేషను నుంచి కాదు. కోరమాండల్ కోల్‌కతా వైపు నుంచి మధ్యాహ్నం బయల్దేరి మర్నాడు పొద్దున విజయవాడ చేరుతుంది. మీరు 10వ తేదీ ఎక్కాలంటే ఆ రైలు 9న బయల్దేరుతుంది కాబట్టి తత్కాల్ 8న తెరుచుకుంటుంది. మీరు 9న కూర్చున్నారు. 60 రోజుల ముందస్తు రిజర్వేషన్‌కీ ఇదే లెక్క.

ఏసీ తరగతులకి పొద్దున పదికి, స్లీపరుకి పదకొండుకి తెరుస్తారు. 2025 జులై నుంచి ఆన్‌లైన్ తత్కాల్‌కి ఆధార్‌తో ధ్రువీకరించిన ఖాతా ఉండాలి, ఓటీపీ కూడా వస్తుంది. ఆధార్‌కి జతచేసిన ఫోను చేతిలో లేకపోతే పని అక్కడే ఆగిపోతుంది. ప్రయాణికుల పేర్లు, వయసులు ముందు రోజే ఖాతాలో జాబితాగా దాచుకోండి. ఒక తత్కాల్ టికెట్ మీద నలుగురికే వీలు, అయిదుగురైతే రెండు టికెట్లు. బెర్తు ఖాయమైతేనే టికెట్ ఇవ్వమనే గడి మీద టిక్ పెట్టండి, లేకపోతే వెయిటింగ్ లిస్టు టికెట్ చేతిలో పడుతుంది. తత్కాల్ వెయిటింగ్ లిస్టు ఖాయమవడం అరుదు, ఖాళీ అయిన బెర్తులు ముందుగా మామూలు వెయిటింగ్ లిస్టు వాళ్లకే పోతాయి. ఖాయమైన తత్కాల్ రద్దు చేసుకుంటే డబ్బు తిరిగి రాదని కూడా గుర్తుంచుకోండి.

విజయవాడ–చెన్నై దారిలో పగటి రైళ్లూ బస్సులూ చాలా ఉన్నాయి కాబట్టి మీ అలవాటు నడుస్తుంది. వారంలో ఒకటి రెండుసార్లే రైలున్న దారుల్లో, సంక్రాంతికీ దసరాకీ ఈ అలవాటు మీద ఆధారపడకండి.

ప్రశ్న: తిరుమలకి అనుకోకుండా వెళ్లొచ్చా? మా అత్తగారు స్వామి పిలిస్తే వెళ్లాలి గానీ టికెట్లు చూసుకుని కాదంటారు. – ఒక పాఠకురాలు, ఖమ్మం

వెళ్లొచ్చు. సర్వదర్శనానికి టికెట్ అక్కర్లేదు. కాకపోతే అప్పుడు మీరు చెల్లించేది సమయం. క్యూ కాంప్లెక్సులో గంటల తరబడి ఉండాల్సి రావచ్చు, లోపల ఆహారం, పాలు ఇస్తారు. తిరుపతిలో ఉచితంగా ఇచ్చే సమయ నిర్దేశిత టోకెన్లు దొరికితే నిరీక్షణ బాగా తగ్గుతుంది, కానీ రోజుకి కొన్నే ఇస్తారు, అయిపోతే మర్నాడే. అందుకే తిరుపతిలో దిగిన వెంటనే కొండెక్కకుండా ముందు టోకెన్ సంగతి కనుక్కోండి. ప్రతి ఒక్కరి ఆధార్ అసలు కార్డు దగ్గరుండాలి.

మోకాళ్ల నొప్పులున్నవాళ్లు, చంటిపిల్లలు ఉంటే మాత్రం మూడు వందల రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం ముందే తీసుకోవడం మంచిది. దాదాపు మూడు నెలల ముందు కోటా విడుదలవుతుంది. బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, వేసవి సెలవులు కాకుండా చూసుకుని, వారం మధ్యలో వెళ్తే మీ అత్తగారి మాటా నెగ్గుతుంది, మీకూ ఇబ్బంది ఉండదు.

ప్రశ్న: అమ్మానాన్నల్ని కాశీ, ప్రయాగ, గయ తీసుకెళ్లాలి. నాన్నకి 71, అమ్మకి 64. నాన్న డైరీలో అయిదు రోజుల్లో అంతా ఇరికించి రాశారు. అనుకున్నది జరగకపోతే ఆయనకి కోపం వస్తుంది, ఆ కోపం అమ్మ మీద పడుతుంది. జనవరిలో వెళ్దామనుకుంటున్నాం. – ఒక ఉపాధ్యాయుడు, కరీంనగర్

ముందు నెల మార్చండి. డిసెంబరు చివర నుంచి జనవరి నెలంతా గంగా మైదానంలో పొగమంచు దట్టంగా పడుతుంది, రైళ్లు గంటల కొద్దీ ఆలస్యమవుతాయి, విమానాలు కూడా. ఆ నెలలో ఎంత గట్టిగా రాసిన డైరీ అయినా నిలబడదు. ఫిబ్రవరి రెండో సగమో, నవంబరో అయితే చలి ఓర్చుకునేలా ఉంటుంది. ఆగస్టు, సెప్టెంబరుల్లో గంగ పెరిగి ఘాట్లు మునిగితే పడవలు ఆపేస్తారు, అప్పుడూ వద్దు.

అయిదు రోజులు చాలవు. కాశీ నుంచి ప్రయాగ నూటపాతిక కిలోమీటర్ల దాకా, గయ మరో దిక్కున రెండు వందల యాభై. రెండింటికీ కాశీ నుంచే వెళ్లొచ్చేలా పెట్టుకుంటే సామాను మోయడం తప్పుతుంది. రానూ పోనూ రైలు కాకుండా అక్కడ ఏడు రోజులు కావాలి. కాశీలో దిగిన రోజు విశ్రాంతి. ప్రయాగకి ఒక రోజు. గయకి రెండు, ఎందుకంటే పిండప్రదానం పొద్దున్నే మొదలై మధ్యాహ్నం దాకా సాగుతుంది, ఆ ముందు రాత్రి అక్కడ పడుకోవాలి. మధ్యలో ఒక రోజు పూర్తిగా ఖాళీ. డైరీలో ఆ రోజుకి ఎదురుగా “ఖాళీ” అని మీ నాన్నగారి చేతే రాయించండి. రాసుకున్నదే జరగాలనుకునే మనిషికి, ఖాళీ కూడా రాసి ఉంటే ఆలస్యం వచ్చినా డైరీ తప్పినట్టు అనిపించదు. మిగిలిన రెండు రోజులు విశ్వనాథుడికి, అన్నపూర్ణకి, ఘాట్లకి.

గట్టిగా పట్టాల్సినవి కింది బెర్తులు, బస. అరవై దాటిన పురుషులకీ, నలభై అయిదు దాటిన స్త్రీలకీ కింది బెర్తు కోటా ఉంది. అయితే అది ఒక టికెట్ మీద ఒక్కరో, ఇద్దరో పెద్దవాళ్లు మాత్రమే ఉన్నప్పుడే వర్తిస్తుంది. మీ పేరు కూడా అదే టికెట్‌లో చేరిస్తే ఆ కోటా పోతుంది. కొడుకులు ఎక్కువగా చేసే పొరపాటు ఇదే. వాళ్లిద్దరికీ ఒక టికెట్, మీకు వేరే టికెట్ తీయండి. సికింద్రాబాద్ నుంచి మీరు ఎక్కే రైలు వారణాసిలో ఆగకపోతే దీన్ దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్‌లో, అంటే పాత మొఘల్‌సరాయ్‌లో దిగాలి. అక్కడి నుంచి కాశీ ఇరవై కిలోమీటర్ల లోపు.

బస ఎంచుకునేటప్పుడు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఆటో ఆగేచోటి నుంచి గది దాకా ఎంత నడవాలి, ఎన్ని మెట్లు? గోదౌలియా కూడలి దాటాక సందుల్లోకి బళ్లు రావు. ఘాట్ పక్కన గది చూడ్డానికి బాగుంటుంది గానీ ఆ మెట్లు నిటారుగా ఉంటాయి, మోకాళ్లు తట్టుకోవు. మానస సరోవర్ ఘాట్ వైపు ఆంధ్రాశ్రమం లాంటి తెలుగువాళ్ల బసలు ఉన్నాయి, మన భోజనం దొరుకుతుంది. ముందే రాసి అడగండి. విశ్వనాథుడి గుడిలోకి ఫోను తీసుకెళ్లనివ్వరు. ముగ్గురూ విడిపోతే కలుసుకునే చోటు లోపలికి వెళ్లకముందే చూపించుకోండి, అమ్మగారి చేతిలో బస పేరు, ఫోను నంబరు రాసిన చీటీ ఉంచండి.

తిరుగు రైలు మూడు గంటలకి మించి ఆలస్యమై మీరు ప్రయాణం మానుకుంటే, ఆ రైలు కదలకముందే టీడీఆర్ (టికెట్ డబ్బు వాపసు కోరే అర్జీ) పెడితే డబ్బంతా తిరిగి వస్తుంది. కదిలాక పెడితే రాదు.

ప్రశ్న: నాకు 24 ఏళ్లు. ఒక్కదాన్నే, ఏ ప్లానూ లేకుండా ఒక ఊరు వెళ్లి నాలుగు రోజులు ఉండి రావాలని కోరిక. అమ్మ ససేమిరా అంటోంది. – ఒక పాఠకురాలు, గుంటూరు

మొదటిసారి కదా, ఊరిని సరిగ్గా ఎంచుకోండి. ప్లాను లేకుండా తిరగాలంటే ఆ ఊళ్లో బస్సులు తరచుగా ఉండాలి, చూసే చోట్లు నడిచే దూరంలో ఉండాలి, ఒకటి మూసేస్తే ఇంకొకటి తెరిచి ఉండాలి. మైసూరు దీనికి చాలా అనువైన ఊరు. బెంగళూరు నుంచి పగలంతా రైళ్లు, బస్సులు ఉంటాయి. ప్యాలెస్ పొద్దున పది నుంచి అయిదున్నర దాకా. ఆదివారాలు, ప్రభుత్వ సెలవు రోజుల్లో చీకటి పడ్డాక దీపాలు వేస్తారు. జూకి మంగళవారం సెలవు. చాముండి కొండకి వెయ్యి మెట్లు ఉన్నాయి, ఎక్కలేకపోతే సిటీ బస్సు ఉంది. దసరా పది రోజులు మాత్రం వద్దు, గదులుండవు.

అమ్మగారి భయానికి మీరు నాలుగు రోజుల ప్లాను ఇవ్వనక్కర్లేదు. నాలుగు హామీలు ఇవ్వండి. మొదటి రెండు రాత్రుల గది ముందే తీసుకుంటాను, రద్దు చేస్తే డబ్బు తిరిగొచ్చేదే తీసుకుంటాను. కొత్త ఊళ్లో చీకటి పడకముందే దిగుతాను. రోజూ రాత్రి ఎనిమిదికి ఫోను చేస్తాను. ఫోను లొకేషన్ పంచి ఉంచుతాను. ఈ నాలుగూ ఉంటే మిగతా రోజంతా ఎటు తిరిగినా ఇబ్బంది లేదు.

గది చూసేటప్పుడు గత మూడు నెలల్లో ఆడవాళ్లు రాసిన అభిప్రాయాలే చదవండి, పాతవి వదిలేయండి. రాత్రి గేటు ఎన్నింటికి వేస్తారో అడగండి. గదిలోకి వెళ్లగానే లోపలి గడియ పడుతుందా, బాత్రూము కిటికీ మూసుకుంటుందా చూడండి, లేకపోతే అప్పుడే గది మార్చమనండి. సామాను విప్పాక అడగడం కష్టం. మూడో రోజు ఇంకో ఊరు వెళ్లాలనిపిస్తే వెళ్లండి, కానీ ఆ నిర్ణయం మధ్యాహ్నం ఒంటిగంట లోపు తీసుకోండి, అప్పుడే వెలుతురులో చేరతారు. ఆపదలో 112, రైల్లో అయితే 139.

ప్రశ్న: ఆరుగురం కాలేజీ స్నేహితులం హంపి వెళ్తున్నాం. ఇద్దరికి ప్రతి రాయీ చూడాలి, ఇద్దరికి ఫొటోలు, మిగతా ఇద్దరికి నిద్ర. డబ్బు దగ్గర కూడా గొడవలే. – ఒక పాఠకురాలు, కర్నూలు

ఆరుగురు రోజంతా కలిసే తిరగాలన్న పట్టుదల వదిలేయండి. పొద్దున టిఫిను, రాత్రి భోజనం కలిసి చేయండి, మధ్యలో ఎవరి దారి వాళ్లది. రాత్రి కలిసే చోటు, వేళ మాత్రం మారకూడదు.

హంపిలో విజయ విఠల ఆలయానికి తీసుకున్న టికెట్ అదే రోజు జనానా ప్రాంగణానికీ, కమలాపురం మ్యూజియానికీ చెల్లుతుంది. మర్నాడు చెల్లదు. కాబట్టి చూసేవాళ్లిద్దరూ ఈ మూడూ ఒకే రోజు పెట్టుకోవాలి. ఫొటోల వాళ్లకి మాతంగ కొండ తెల్లవారుజామున, హేమకూటం సాయంత్రం. పడుకునేవాళ్లని పది దాకా పడుకోనివ్వండి, కానీ ఎండాకాలంలో పదకొండు నుంచి నాలుగు దాకా ఆ బండల మధ్య తిరగలేరని ముందే చెప్పండి. అప్పుడు వాళ్లు చూసేది సాయంత్రం రెండు గంటలే.

డబ్బుకి బయల్దేరే ముందే తలా ఒకింత మొత్తం ఒకరి దగ్గర వేయండి. గది, బండి, రాత్రి భోజనం ఆ డబ్బులోంచి. టిఫిన్లు, మధ్యాహ్న భోజనాలు, టికెట్లు, కొనుగోళ్లు ఎవరివి వాళ్లవి. ఖర్చు జరిగిన రోజు రాత్రే లెక్క వాట్సాప్‌లో పెట్టాలి. ఊరికొచ్చాక చూద్దాం అంటే ఎవరికీ గుర్తుండదు, అక్కడే మాటలొస్తాయి. ఒకరు మధ్యలో మానేస్తే గది వాటా తిరిగివ్వం అన్న మాట కూడా డబ్బు వేసేటప్పుడే అనుకోండి.

ప్రశ్న: యూరప్‌కి కూడా తోచినప్పుడు వెళ్లొచ్చా? – ఒక పాఠకుడు, విశాఖపట్నం

మన పాస్‌పోర్టుతో కుదరదు. యూరప్‌లోని చాలా దేశాలకి కలిపి ఇచ్చే షెంగెన్ వీసాకి ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పదిహేను రోజుల ముందు దాకా దరఖాస్తు పెట్టుకోవచ్చు, కానీ వేసవిలో అపాయింట్‌మెంట్ దొరకడానికే వారాలు పడుతుంది. 30 వేల యూరోలకి తగ్గని వైద్య బీమా, బస వివరాలు, రోజువారీ ప్రయాణ పట్టిక అడుగుతారు. ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే దరఖాస్తు పెట్టాలి. రద్దు చేస్తే డబ్బు తిరిగొచ్చే గదులతో పట్టిక తయారుచేసుకోండి. వీసా వచ్చాక ఒక ఊళ్లో రెండు రాత్రులు ఎక్కువ ఉండాలనిపిస్తే ఉండొచ్చు, ఎక్కువ రాత్రుల లెక్క మాత్రం వీసా ఇచ్చిన దేశం వైపే మొగ్గేలా చూసుకోండి. తిరుగు విమానం టికెట్ తేదీ మార్చుకునే వీలున్నది తీసుకోండి, కానీ వీసా మీద రాసిన రోజుల సంఖ్య దాటకూడదు. అక్కడ దిగిన రోజు, బయల్దేరిన రోజు రెండూ లెక్కలోకే వస్తాయి.